చెక్క బొమ్మ ఆటవస్తువా, డిజైన్ వస్తువా? ఈ చిక్కు ఎక్కడ మొదలైందో చూద్దాం

షెల్ఫ్ మీద ఒక చెక్క బొమ్మ ఉందనుకోండి. చేతుల్లేవు, కాళ్లు లేవు, గుండ్రటి తల, కింద స్తంభం లాంటి ఒళ్లు, కళ్లున్న చోట రెండు సన్నటి గీతలు, అంతే. దాన్ని చూసి ఒకళ్లు "ఇది పిల్లలు ఆడుకునేదా?" అంటారు, ఇంకొకళ్లు "ఇంత చిన్న కర్రముక్కని పట్టుకుని డిజైన్ అంటారేంటి" అంటారు, మూడోవాళ్లు ఏమీ అనకుండా చేతిలోకి తీసుకుని అడుగు పైకి తిప్పి ఎవరి సంతకం ఉందా అని చూస్తారు. ముగ్గురూ చూస్తున్నది ఒకే బొమ్మని, కానీ ఒకరు వాడకం గురించి, ఒకరు పనితనం గురించి, ఒకరు పేరు గురించి మాట్లాడుతున్నారు. ఈ మూడూ కలిసిపోవడం వల్లే చెక్క బొమ్మల మీద ఎంత చర్చ జరిగినా తెగదు. నాకు ఈ బొమ్మలంటే చాలా ఇష్టం, చాలా ఏళ్లుగా చూస్తున్నా, చదువుతున్నా, అందుకే ఈ ముడి ఒక్కో పోగు చొప్పున విప్పి చూద్దామని.

ముందు తేలిగ్గా తెగే పోగు చూద్దాం, అదే చట్టం. యూరోపియన్ యూనియన్ 2009లో తెచ్చిన ఆటవస్తువుల భద్రత నిబంధనల్లో "వీటిని ఆటవస్తువులుగా లెక్కపెట్టం" అని ఒక జాబితా ఉంది. అందులో జానపద బొమ్మలు, అలంకరణ బొమ్మలు అని పేరుపెట్టి మరీ రాశారు. షరతు ఒక్కటే, ఇది 14 ఏళ్లు, ఆపైన వయసున్న కలెక్టర్ల కోసం అని బొమ్మ మీదో ప్యాకింగ్ మీదో కనపడేలా ఉండాలి. అంటే ఒకే కర్ర, ఒకే రంగు, ఒకే చెయ్యి, కానీ ఆ ఒక్క లైను రాస్తే అది షోకేస్ వస్తువు, రాయకపోతే ఆటవస్తువు కింద లెక్క. ఆటవస్తువు అయితే మాత్రం ఈఎన్ 71 అనే ప్రమాణం ప్రకారం పరీక్షలు పాసవ్వాలి, పెయింట్‌లోంచి సీసం లాంటి లోహాలు ఎంత బయటికొస్తున్నాయి, చిన్న ముక్కలు ఊడి పిల్లల గొంతులో ఇరుక్కుంటాయా, ఇలాంటివన్నీ చూస్తారు. కాబట్టి "చెక్కే కదా, ప్లాస్టిక్ కాదు కదా" అని అలంకరణ బొమ్మని పాకే పిల్లాడి చేతికి ఇవ్వకండి, దాని రంగుకి ఆ పరీక్ష జరిగుండకపోవచ్చు.

కానీ లేబుల్ చూస్తే వాడకం తెలుస్తుంది, అందం ఎక్కణ్ణుంచి వచ్చిందో తెలీదు కదా. దానికి లేత్ దగ్గరికి వెళ్లాలి, తరిణి పట్టడం అంటారు చూడండి, అదే.

లేత్ మీద కర్ర తన చుట్టూ తాను తిరుగుతుంది, ఉలి ఒక చోట నిలబడుతుంది. అందుకే లేత్ మీద ఏం చేసినా అడ్డంగా కోసి చూస్తే గుండ్రంగానే ఉంటుంది, బంతి, గిన్నె, స్తంభం, గంట, కుండ, ఇవన్నీ వస్తాయి కానీ బయటికి చాచిన చెయ్యి రాదు, విడివిడిగా రెండు కాళ్లు రావు. అవి కావాలంటే వేరేగా చేసి అతికించాలి. జపాన్‌లో కొకేషి బొమ్మకి చేతులూ కాళ్లూ లేకపోవడానికి లోతైన తాత్విక కారణాలు చెప్పేవాళ్లు చాలామంది ఉంటారు, కానీ ముందు చెప్పుకోవాల్సిన కారణం ఇదే, పనిముట్టు ఆ ఆకారం ఇచ్చింది.

కొకేషి కథ కొంచెం వివరంగా చెప్పుకుంటే మిగతావన్నీ అర్థమైపోతాయి. జపాన్ ఈశాన్యంలో తొహోకు అని చలి ప్రాంతం, కొండలు, అడవులు, వేడినీటి బుగ్గలు. అక్కడ కిజిషి అనే తరిణి పనివాళ్లు ఉండేవాళ్లు, వాళ్ల అసలు పని బొమ్మలు కాదు, చెక్క గిన్నెలు, పళ్లేలు. 19వ శతాబ్దం మొదట్లో, జపాన్ చరిత్రలో ‘ఎదో’ (Edo) అని పిలిచే కాలం చివర్లో, వేడినీటి బుగ్గల్లో స్నానాలు చేసి ఒళ్లు నొప్పులు తగ్గించుకోడానికి రైతులు వచ్చేవాళ్లు, వాళ్లు ఇంటికెళ్తూ పిల్లలకి తీసుకెళ్లేలా ఈ గిన్నెల పనివాళ్లు బొమ్మలు తిప్పడం మొదలెట్టారు. అంటే గిన్నె చేసే చెయ్యి, గిన్నె చేసే లేత్, గిన్నె చేసే కర్ర, వాటితోనే బొమ్మ వచ్చింది. పుట్టినప్పుడు ఇది పూర్తిగా ఆటవస్తువే, డిజైన్ అనే మాట ఎవరి నోటా లేదు. (కొకేషి అంటే చనిపోయిన బిడ్డల గుర్తు అని ఒక కథ తిరుగుతుంటుంది, దానికి ఆధారం లేదు, చాలా తర్వాత పుట్టిన కథ అది, ఎవరైనా చెప్తే నమ్మొద్దు.)

తొహోకులోనే ఒక్కో బుగ్గ దగ్గర ఒక్కో రకం, సంప్రదాయ రకాలు 11 అని కొందరు, 12 అని కొందరు లెక్కేస్తారు. తెలిసినవాళ్లు దూరం నుంచి చూసి ఏ ఊరిదో చెప్పేస్తారు. తొగత్త రకంలో తల పెద్దది, తలపైన ఎర్రటి గీతలు పువ్వు రేకుల్లా చుట్టూ విచ్చుకుని ఉంటాయి. త్సుచియు రకంలో తలపైన వలయంలో వలయం. త్సుగరులో తలా ఒళ్లూ వేరు వేరు ముక్కలు కాదు, ఒకే కర్రలోంచి తిప్పేస్తారు. నాంబు రకంలో తల వదులుగా ఉండి ఊగుతుంది, చాలావాటికి అసలు రంగే వెయ్యరు. నరుకో బొమ్మ తల పట్టుకుని తిప్పితే కీచుమంటుంది, అది నాకు అన్నిటికంటే ఇష్టం, ఎందుకంటే ఆ చప్పుడు జిగురు లేదనడానికి సాక్ష్యం. ఒళ్లు లేత్ మీద తిరుగుతుండగానే తలని దాని మెడ కన్నంలోకి నొక్కుతారు, రాపిడికి వేడెక్కి తల లోపలికి దిగిపోతుంది, ఆ తర్వాత తిరుగుతుంది కానీ ఊడిరాదు. ఎంత బలంతో నొక్కాలి, ఏ క్షణంలో ఆపాలి అన్నది కొలత పెట్టి నేర్పేది కాదు.

రంగు కూడా అంతే. ఒంటి చుట్టూ ఉన్న వలయాలు ఒక్కొక్కటీ గీసినవి కావు, కర్ర తిరుగుతుంటే కుంచె ఆనిస్తారు, వలయం దానంతటదే పడుతుంది. ముఖం మాత్రం లేత్ ఆపి చేత్తో గీస్తారు, కనుబొమ్మకి ఒక గీత, కంటికి ఒకటి రెండు, ముక్కు, నోరు. ఇక్కడ మనం గమనించాల్సింది ఏంటంటే కింద ప్రైమర్ ఉండదు, రంగు నేరుగా చెక్క మీద పడుతుంది, నీళ్ల రంగు కాబట్టి చెక్క పీల్చేసుకుంటుంది, తప్పుపడితే తుడవడానికి లేదు, గీరితే తప్ప పోదు. "నేనూ గీయగలను" అనేవాళ్లకి నేను చెప్పేది ఇదే, గీతలు నాలుగే కానీ నాలుగూ ఒక్కసారికే రావాలి. ఇందులో ఎక్కువ వాడే మిజుకి అనే చెట్టు కర్ర తెల్లగా, మెత్తగా, నార సన్నగా ఉంటుంది, అందుకే గీత పక్కకి పాకకుండా నిలబడుతుంది.

మరి ఇది డిజైన్ వస్తువు ఎప్పుడైంది? చౌకగా రేకు బొమ్మలూ సెల్యులాయిడ్ బొమ్మలూ వచ్చాక పిల్లలు అటు వెళ్లిపోయారు, ఇరవయ్యో శతాబ్దంలో పెద్దవాళ్లు కలెక్టర్లుగా వచ్చారు. బొమ్మ మారలేదు, కొనేవాళ్ల వయసు మారింది. రెండో ప్రపంచయుద్ధం తర్వాత సోసాకు కొకేషి అని కొత్త దారి మొదలైంది, సోసాకు అంటే సృజన అన్నమాట. వీటికి ఊరి నియమాలు లేవు, చేసే మనిషి తన ఇష్టప్రకారం ఒళ్లు వంచొచ్చు, తల కోసెయ్యొచ్చు, ముఖం లేకుండా వదిలెయ్యొచ్చు. సంప్రదాయ కొకేషిలో ఆకారం ఊరిది, ముఖం మనిషిది. సృజన కొకేషిలో రెండూ మనిషివే. షెల్ఫ్ మీద పక్కపక్కన పెడితే రెండూ డెకరేషనే అనిపిస్తాయి కానీ ఒకటి ఒక ఊరి మాట, ఇంకోటి ఒక మనిషి మాట.

ఇక రష్యా మత్ర్యోష్కా సంగతి, ఒకదానిలో ఒకటి ఇమిడే బొమ్మ. ఇది ఎన్ని వందల ఏళ్ల జానపద కళో అనుకుంటాం, నిజానికి ఇది పుట్టింది 1890ల్లో, మాస్కో దగ్గర కళాకారుల సర్కిల్‌లో. లేత్ మీద తిప్పినవాడు వసీలీ జ్వ్యోజ్దచ్కిన్, రంగు వేసిన చిత్రకారుడు సెర్గేయ్ మల్యూతిన్. మొదటి సెట్‌లో ఎనిమిది బొమ్మలు. 1900లో పారిస్ ప్రపంచ ప్రదర్శనలో కాంస్య పతకం వచ్చింది. అంటే ఇది మొదటి రోజునుంచే డిజైన్ వస్తువు, ఒక ఆర్టిస్టు, ఒక పనివాడు కూర్చుని ఆలోచించి చేసింది, తర్వాత జనంలోకి వెళ్లి జానపదం అయిపోయింది. కొకేషి జానపదం నుంచి డిజైన్‌కి వచ్చింది, ఇది అటునుంచి ఇటు వచ్చింది. అందుకే "పాతదైతే జానపదం, కొత్తదైతే డిజైన్" అనే లెక్క నాకు నచ్చదు, అది పనిచెయ్యదు.

లేత్ గురించి మాట్లాడుతూ జర్మనీలో జైఫెన్ ఊరి సంగతి చెప్పకుండా వదల్లేను, ఎర్ట్స్‌గెబిర్గె కొండల్లో ఉంది, గనులు తగ్గిపోయాక బొమ్మల పనిమీద బతికిన ఊరు. అక్కడివాళ్లు తడి స్ప్రూస్ కర్రని లేత్ మీద పెద్ద కంకణంలా తిప్పుతారు, బయటినుంచి చూస్తే అర్థంపర్థం లేని మిట్టపల్లాలు. ఆ కంకణాన్ని కేకు కోసినట్టు ముక్కలు కోస్తే ప్రతి ముక్కా ఒక గుర్రమో ఆవో అయ్యుంటుంది! తిప్పేటప్పుడు ఆ జంతువు రూపం అతనికి కనపడదు, ఎందుకంటే అది కర్ర లోపల, కోతలో ఉంది. కాళ్ల మధ్య సందు, వీపు వంపు, మెడ, అన్నీ చేతి లెక్కమీదే చెక్కుకుంటూ పోవాలి. లేత్‌తో గుండ్రటివే వస్తాయని పైన చెప్పాను కదా, ఆ నియమంలోనే ఉండి కాళ్లున్న జంతువుని తీశారు చూడండి, దానికి నేను ఎప్పటికీ దండం పెడతా.

ఇప్పుడు పేరు దగ్గరికొద్దాం, అంటే అడుగు తిప్పి సంతకం వెతికే మూడోమనిషి దగ్గరికి. డిజైన్ పుస్తకాల్లో చెక్క బొమ్మలు అనగానే ముందు వచ్చే పేరు అలెగ్జాండర్ జిరార్డ్. 1907లో న్యూయార్క్‌లో పుట్టి, ఇటలీలో ఫ్లోరెన్స్‌లో పెరిగి, ఆర్కిటెక్ట్‌గా చదివి, హెర్మన్ మిల్లర్ అనే ఫర్నిచర్ కంపెనీలో గుడ్డల (ఫ్యాబ్రిక్) డిజైన్ విభాగం నడిపాడు. ఆయన జానపద బొమ్మలు పోగుచేసేవాడు, ఎంతలా అంటే 1978లో తన సేకరణ అమెరికాలో శాంటా ఫే ఊళ్లో ఉన్న అంతర్జాతీయ జానపద కళల మ్యూజియంకి ఇచ్చేసినప్పుడు అందులో లక్షకి పైగా వస్తువులున్నాయి. వాటిలో సుమారు 10,000 ఇప్పటికీ ఆయన స్వయంగా అమర్చిన పద్ధతిలోనే అక్కడ ప్రదర్శనలో ఉన్నాయి, పక్కన పేరూ ఊరూ చెప్పే చీటీలుండవు, ముందు చూడాలి, తెలుసుకోవడం తర్వాత.

ఆ జిరార్డ్ 1950ల మొదట్లో న్యూమెక్సికోలోని శాంటా ఫేలో తన కొత్త ఇంటికోసం చెక్క బొమ్మలు చేసుకున్నాడు. అమ్మడానికి కాదు, తన ఇంట్లో పెట్టుకోడానికి. కొన్ని నవ్వుతాయి, కొన్ని కోపంగా చూస్తాయి, గంభీరంగా ఒకటి, పిల్లి ఒకటి. కొకేషిలా రేఖలు తక్కువ కాదు ఇక్కడ, చారలు, గళ్లు, చుక్కలు, ముదురు రంగులు, గుడ్డల డిజైనర్ చెయ్యి స్పష్టంగా కనిపిస్తుంది, చెక్క ఇక్కడ కాన్వాసు. ఆయన వెళ్లిపోయాక (1993లో చనిపోయాడు) ఆయన సామాను, డ్రాయింగులు జర్మనీలో విత్రా డిజైన్ మ్యూజియంకి చేరాయి, అక్కడున్న అసలు బొమ్మల్ని చూసి విత్రా అనే ఫర్నిచర్ కంపెనీ వాటి ప్రతులు చేయించి అమ్ముతోంది, ఫర్ (fir) అనే చెట్టు కర్ర, మీద చేతిపెయింట్.

ఇక్కడే అసలు చిక్కు. ఆ బొమ్మలకి స్ఫూర్తి ఎక్కడిది? ఆయన ఊరూరా తిరిగి పోగుచేసిన జానపద బొమ్మలది. వాటిని చేసినవాళ్లలో చాలామంది పేర్లు ఏ చీటీ మీదా లేవు. వాళ్ల ఆకారాలు ఎవరి సొంతమూ కాదు కాబట్టి ఎవరైనా వాడుకోవచ్చు, కానీ వాటిని చూసి ఒక పేరున్న డిజైనర్ చేసినదానికి మాత్రం యజమాని ఉంటాడు, సర్టిఫికెట్ ఉంటుంది. ఇందులో జిరార్డ్‌ని తప్పుపట్టను, ఆయన దాచిపెట్టలేదు, పైగా ఎక్కణ్ణుంచి నేర్చుకున్నాడో ఆ మొత్తం సేకరణని జనానికి ఇచ్చేశాడు. కానీ ఆయన బొమ్మ కొనేవాళ్లు ఆ సేకరణ ఫొటోలు ఒక్కసారి అయినా చూడాలని నా గట్టి కోరిక, చూశాక ఆ బొమ్మలు ఒంటరిగా కనపడవు, వెనకాల పెద్ద కుటుంబం కనపడుతుంది.

డెన్మార్క్‌లో కే బోయెసెన్ దారి దీనికి పూర్తి ఉల్టా. ఆయన వెండిపని మనిషి, 1951లో చేసిన కోతి ప్రపంచమంతా తెలుసు, టేకు, లింబా అనే రెండు కర్రలు, ముదురు రంగు చోట టేకు, ముఖం పొట్ట లేతగా ఉండాల్సిన చోట లింబా, పెయింట్ అవసరమే లేదు. జిరార్డ్‌కి రంగు పైనుంచి వచ్చింది, బోయెసెన్‌కి కర్ర లోపల్నుంచే వచ్చింది. ఆ కోతి పొడుగు చేతులతో వేలాడుతుంది కూడా, అంటే షెల్ఫ్ మీద కూర్చోబెట్టొచ్చు, అంచుకి తగిలించొచ్చు, పిల్లలకీ ఇవ్వొచ్చు. ఆయన 1958లో చనిపోయాడు, డెన్మార్క్‌లో కాపీరైట్ మనిషి పోయాక 70 ఏళ్లుంటుంది కాబట్టి 2028 చివరిదాకా అక్కడ ఆ కోతి డిజైన్‌కి రక్షణ ఉంది. మరి నరుకో బొమ్మ ఆకారానికి అలా గడువు లెక్కపెట్టడానికి మొదటి మనిషి పేరే లేదు.

ఒక జాగ్రత్త కూడా చెప్పాలి, చెక్కతో చేసి బొమ్మలా ఉన్నదల్లా అలంకరణ కాదు. అమెరికాలో అరిజోనాలో హోపీ తెగవాళ్లు కాటన్‌వుడ్ చెట్టు వేరుతో చేసే కట్సినా రూపాలు ఉన్నాయి, వాటిని వాళ్ల వేడుకల్లో ఆడపిల్లలకి ఇస్తారు, ఇంట్లో గోడకి వేలాడదీస్తారు, ఆ పిల్లలకి అవి తమ ఆత్మశక్తుల గురించి నేర్పే వస్తువులు. పాతవాటికి పీట ఉండదు, వేలాడేవి కదా. బయటివాళ్లు కొనడం మొదలయ్యాక షెల్ఫ్ మీద నిలబెట్టడానికి కింద పీట వచ్చింది. ఆ చిన్న పీటే వాడకం మారిందని చెప్పేస్తుంది. అమ్మడానికి హోపీ కళాకారులే చేసినవి కొనడం వేరు, ఎవరో ఫ్యాక్టరీలో ఆ రూపం కాపీ కొట్టి చేసింది "ట్రైబల్ లుక్" అని పెట్టుకోవడం వేరు, రెండోది నేనైతే ఇంట్లోకి రానివ్వను.

ఇక చేతిపని అనే మాట. ఇది అన్నిటికంటే ఎక్కువ మోసపుచ్చే మాట, ఎందుకంటే ఒక బొమ్మలో చాలా పనులున్నాయి, కర్ర ఆరబెట్టడం, కొయ్యడం, తిప్పడం, నునుపు చెయ్యడం, రంగు, మెరుగు. వీటిలో ఒక్కటి చేత్తో చేసినా పైన చేతిపని అని రాసేస్తారు. ఆకారం ఆటోమేటిక్ లేత్ మీద వందల్లో తిప్పి, రంగు మాత్రం మనుషులు వెయ్యడం మామూలే, అది తప్పేం కాదు, కానీ చెప్పాలి. చూసి తెలుసుకోవాలంటే ఒకే రకం బొమ్మలు రెండు పక్కన పెట్టండి. ఒళ్లు రెండూ అచ్చు ఒకేలా ఉండి కళ్లు మాత్రం కొంచెం తేడాగా ఉంటే ఆకారం మిషన్‌ది, ముఖం మనిషిది. కళ్లు కూడా వెంట్రుకవాసి తేడా లేకుండా ఉండి దగ్గర్నుంచి చూస్తే సన్నటి చుక్కలు కనపడితే అది ప్రింటు. కుంచె గీత మొదట్లో లావుగా పడి చివర్లో సన్నబడుతుంది, ఆ సన్నబడే చోటు చూడండి, అక్కడ తెలిసిపోతుంది.

చివరికి కర్ర. లోహంలా, పింగాణీలా చెక్క కదలకుండా ఉండదు, చెట్టు పోయినా కర్ర గాల్లో తేమని పీలుస్తూ వదులుతూనే ఉంటుంది. ఆరేటప్పుడు తేమ 30 శాతం కిందికి దిగాక కుంచించుకోవడం మొదలవుతుంది, పొడుగు వైపు దాదాపు ఏమీ తగ్గదు, అడ్డంగా తగ్గుతుంది, అందులోనూ వలయాల వెంబడి తగ్గేది, మధ్యనుంచి బయటికి తగ్గేదానికంటే సుమారు రెట్టింపు. ఈ తేడా వల్లే నడిమి బెండుతో సహా తిప్పిన దుంగ పొడుగునా చీలుతుంది. అందుకే కొకేషి పనివాళ్లు బెరడు ఒలిచి నెలలకొద్దీ ఆరనిస్తారు, మత్ర్యోష్కాకి లిండెన్ కర్రని ఏళ్లతరబడి ఆరబెడతారు, పైగా ఒకదానిలో ఒకటి బిగుతుగా కూర్చోవాలి కాబట్టి అన్నిటినీ ఒకే దుంగలోంచి తీస్తారు, తేమకి ఉబ్బినా తగ్గినా కలిసే చేస్తాయని.

ఇదంతా నేను ఒక బొమ్మని పాడుచేసుకుని నేర్చుకున్నా. ఇష్టమైన కొకేషిని కిటికీ పక్కన వెలుగు బావుందని పెట్టా, ఏడాది తిరిగేసరికి కిటికీ వైపు ఎరుపు వెలిసిపోయి గులాబీ అయింది, చెక్క పసుపు తిరిగింది, రెండోవైపు కొత్తగానే ఉంది, వీపున సన్నటి పగులు. వెలిసిన రంగు తిరిగి రాదు, కాబట్టి ఎండ నేరుగా పడే చోట, ఏసీ గాలి తగిలే చోట, హీటర్ పైన పెట్టొద్దు. తడిగుడ్డతో తుడవొద్దు, నీళ్ల రంగు గుడ్డకి అంటుకుపోతుంది, పొడి మెత్తటి కుంచె చాలు. పగులొస్తే కంగారుపడి లప్పం పెట్టొద్దు, గాల్లో తేమ పెరిగినప్పుడు ఆ పగులు మళ్లీ దగ్గరికి వస్తుంది, మధ్యలో గట్టిపడిన లప్పం ఉంటే మూసుకోలేక ఇంకో చోట చీలుతుంది.